గేమింగ్ మౌస్ మాక్రో మరో కంప్యూటర్‌లో పనిచేయడం లేదు

ప్రశ్న (హనుమకొండ):
నేను చౌరస్తా దగ్గర ఒక డీటీపీ సెంటర్‌లో పెళ్లిపత్రికలు డిజైన్ చేస్తుంటాను. ఫొటోషాప్‌లో కంట్రోల్ జె (లేయర్, అంటే బొమ్మలోని పొర, కాపీ), వెంటనే కంట్రోల్ టి (దాని సైజు మార్చడం) నొక్కే మాక్రోను, అంటే ఒకే నొక్కుతో వరుస కీలన్నీ నొక్కే ఆదేశాన్ని, ఇంట్లో గేమింగ్ మౌస్ పక్క బటన్‌కు పెట్టుకున్నాను. ఇంట్లో చక్కగా పనిచేస్తున్నా, సెంటర్‌లో మాత్రం ఆ బటన్ ‘బ్యాక్’గానే ఉంటోంది. అక్కడ కొత్త సాఫ్ట్‌వేర్ వేయడానికి యజమాని ఒప్పుకోరు. మార్గం ఉందా?

జవాబు (కాజీపేట):
ఉందండి. మీ మాక్రో మౌస్‌లో కాక, ఇంటి కంప్యూటర్‌లోని సాఫ్ట్‌వేర్‌లో ఉన్నట్టుంది. లాజిటెక్ జీ502 హీరో వంటి మౌస్‌లలో 5 ప్రొఫైళ్ల (బటన్ సెట్టింగుల జాబితాల) వరకు లోపలి మెమరీలోనే దాచుకోవచ్చు కాబట్టి, ఇంట్లో లాజిటెక్ సాఫ్ట్‌వేర్ జీ హబ్ తెరిచి, ఆన్‌బోర్డ్ (మౌస్ లోపలి) మెమరీలోని ఒక స్లాట్‌కు మాక్రో ఉన్న ప్రొఫైల్‌ను పంపి, ఆన్‌బోర్డ్ మెమరీ మోడ్‌ను ఆన్ చేయండి. అయితే ఫొటోషాప్ తెరిస్తే ఒక ప్రొఫైల్, ఆట తెరిస్తే మరొకటి తనంతట తానే మారే సౌకర్యం సాఫ్ట్‌వేర్ నడుస్తున్నప్పుడే ఉంటుంది. సెంటర్‌లో మీరే బటన్‌తో మార్చుకోవాలి.

జవాబు (కరీంనగర్):
పై సలహా సరైనదే, కానీ ఆలస్యాల సంగతి కూడా చూసుకోండి. పెద్ద ఫైల్ మీద లేయర్ కాపీ కావడానికి కాస్త సమయం పడుతుంది గనుక, ఇంట్లో 50 మిల్లీసెకన్ల విరామం సరిపోయినా, పాత యంత్రంలో రెండో షార్ట్‌కట్ అందకుండా పోవచ్చు; 200 వరకు పెంచి చూడండి. కంట్రోల్ కీ వదిలే ఘట్టం రికార్డులో తప్పక ఉండాలి, లేదంటే తర్వాత టైప్ చేసే ప్రతి అక్షరమూ షార్ట్‌కట్ అయిపోతుంది.

జవాబు (వరంగల్):
అదే మౌస్‌తో కౌంటర్ స్ట్రైక్ 2 ఆడేవారైతే ఒక మాట. ఒకే నొక్కుతో అనేక కదలికలు చేసే కొన్ని ఆటోమేషన్లను గుర్తిస్తే, తమ అధికారిక సర్వర్లలో మ్యాచ్ నుంచి తొలగిస్తామని ఆ ఆట తయారీ సంస్థ వాల్వ్ 2024 ఆగస్టులో ప్రకటించింది. పత్రికల పనికి అడ్డేమీ లేదు. ఆటకు మాక్రోలు లేని ప్రొఫైల్ విడిగా ఉంచుకోండి.