తొమ్మిదేళ్ల మెకానికల్ డిజైన్ వదిలేసి బడిలో ఫిజిక్స్ చెప్పుకోవాలా?

గేర్‌బాక్స్:
నాకు 33. మెకానికల్ డిజైన్‌లో తొమ్మిదేళ్లు. గేర్‌బాక్స్ హౌసింగులు గీస్తానని చెప్పుకుంటాను గానీ, నిజంగా గీసింది మొదటి రెండు మూడేళ్లే. ఇప్పుడు పొద్దున్నుంచి సాయంత్రం దాకా చేంజ్ నోట్లు, సప్లయర్‌తో కాల్స్, ఆలస్యం ఎందుకైందో వివరించే మీటింగులు. కిందటి నెల ఒక బేరింగ్ సీటు టాలరెన్స్ (కొలతలో ఎంత తేడా ఒప్పుకోవచ్చన్నది) మీద పదకొండు మెయిల్స్ అటూ ఇటూ తిరిగాయి. చివరికి మొదట ఉన్న విలువే ఉంచారు. డ్రాయింగ్ మీద రివిజన్ అక్షరం మాత్రం మారింది.

అదే నెలలో చుట్టాలమ్మాయికి టార్క్, అంటే తిప్పే బలం, చెప్పాల్సి వచ్చింది. ఫార్ములా పక్కన పెట్టి, తలుపును ముందు పిడి దగ్గర, తర్వాత కీలు పక్కన తోయమన్నాను. రెండోసారి తలుపు మొండికేస్తే ఆ పిల్ల పకపకా నవ్వింది. ఫార్ములా తనే రాసింది. ఈ ఏడాదిలో పని చేశాననిపించిన రోజు అదొక్కటే.

అప్పట్నుంచి హైస్కూల్ ఫిజిక్స్ టీచర్ అవ్వాలని బుర్రలో తిరుగుతోంది. దానికి టీచర్ ట్రైనింగ్ చెయ్యాలి. తర్వాత వచ్చే జీతం ఇప్పటి దాంట్లో సగం ఉంటే గొప్ప. నాలుగేళ్ల బాబు, ఇంటి లోను. ఇంట్లో వాళ్లు రెండు జట్లుగా చీలిపోయారు. మొహమాటం లేకుండా చెప్పండి.

పాత బోల్టు:
మొహమాటం వద్దన్నారు కాబట్టి చెప్తున్నా. వద్దు. దూరపు కొండలు నునుపు.

మీరు రాసింది మళ్లీ చదువుకోండి. అందులో ఇంజనీరింగ్ మీద ఒక్క ఫిర్యాదు కూడా లేదు. ఉన్నదంతా మెయిల్స్ మీద, మీటింగుల మీద. ఆ పిల్లకి టార్క్ చెప్తుంటే మీకు సంతోషం కలిగింది టార్క్ వల్ల కూడా కావచ్చు కదా! మీ ఆఫీసులో కరువైంది అదే.

నాది ఈ ఫీల్డులో ఇరవై రెండేళ్లు. ఉద్యోగంలో ఎనిమిదో ఏట నేనూ మానేద్దామనుకున్నా. ఒక పెద్దాయన డిజైన్ నుంచి ఫెయిల్యూర్ ఎనాలిసిస్‌లోకి లాగారు. ఇప్పుడు విరిగిన షాఫ్టులు నా టేబుల్ మీదికొస్తాయి. ఫెటీగ్‌తో, అంటే పదే పదే భారం పడి, విరిగిన ముక్కను వెలుతురులో పక్కకి వంచి చూస్తే, తీరం మీద అలలు వదిలిపోయినట్టు గీతలుంటాయి. వాటిని వెనక్కి పట్టుకుంటూ పోతే పగులు ఎక్కడ మొదలైందో తెలుస్తుంది. తొంభై శాతం సార్లు... సరే, అంకెలు వద్దులే, చాలాసార్లు అది ఎవరో అశ్రద్ధగా వదిలేసిన కీవే (షాఫ్టు మీద కోసిన గాడి) మూల. అదీ ఇంజనీరింగే, ఇక్కడ రివిజన్ అక్షరాల గోల లేదు. ముందు కుర్చీ మార్చి చూడండి. ఊరే వదిలి పోనక్కర్లేదు.

చాక్‌పీస్:
నేను ఏడేళ్లు ఇంజనీర్‌ని, ఇప్పుడు ఆరేళ్లుగా టీచర్‌ని. బోల్టు గారు చెప్పిన దాంట్లో సగం ఒప్పుకుంటా.

గేర్‌బాక్స్ గారూ, మీరు చెప్పింది ఒక పిల్లకి, అదీ అడిగి మరీ వచ్చిన పిల్లకి. బడిలో టార్క్ పాఠం ఒకే రోజు నాలుగు సెక్షన్లకి చెప్పాలి. మొదటి సెక్షన్‌లో తలుపు తోయించినప్పుడు మీకూ నవ్వొస్తుంది. నాలుగో దాంట్లో లంచ్ అయ్యాక, వెనక బెంచీలో ఇద్దరు నిద్రపోతుంటే, అదే నవ్వు ముఖం పెట్టుకుని అదే తలుపు తోయించాలి. ఉద్యోగం అంటే ఆ నాలుగో సెక్షనే. మొదటి ఏడాది నాకు గొంతు పోయింది, నిజంగానే, పది రోజులు మాట రాలేదు. పేపర్లు దిద్దడం ఇంటికొస్తుంది. ఇక మీటింగులంటారా, బడిలో లేవని ఎవరు చెప్పారు మీకు?

మరి తిరిగి ఎందుకు వెళ్లలేదంటే, ఒక చిన్న కారణం ఉంది. డిజైన్‌లో నేను తప్పు చేస్తే ఎనిమిది నెలలకి తెలిసేది, అదీ ఎవరి తప్పో తేలకుండా. క్లాసులో తప్పుగా చెప్తే అర నిమిషంలో ముప్పై ముఖాలు చెప్పేస్తాయి. నాకు అది పడింది. అది మీకు పడుతుందో లేదో తలుపు దగ్గర ఒక్క సాయంత్రంతో తేలదు.

లెక్కల మనిషి:
ఇక్కడ అందరూ తొమ్మిదేళ్లు, ఏడేళ్లు, ఇరవై రెండేళ్లు అని లెక్కలు చెప్తున్నారు. ఆ తొమ్మిదేళ్లు ఉన్నా పోయినా తిరిగి రావు. 1985లో ఆర్కెస్, బ్లూమర్ అనే ఇద్దరు ఒక ప్రయోగం రాశారు. నాటకాల సీజన్ టికెట్లు కొందరికి పూర్తి ధరకి, కొందరికి తగ్గింపు మీద ఇచ్చారు, ఎవరికి ఏది అన్నది వాళ్ల చేతుల్లో లేదు. సీజన్ మొదటి సగంలో పూర్తి ధర పెట్టినవాళ్లే ఎక్కువ నాటకాలకి వచ్చారు. నాటకం అందరికీ ఒకటే. జేబులోంచి పోయిందే వాళ్లని కుర్చీలో కూర్చోబెట్టింది.

ఇంకొకటి. ఆర్థికవేత్త స్టీవెన్ లెవిట్ ఎటూ తేల్చుకోలేని వాళ్లని నాణెం ఎగరేయమన్నాడు. 20,000 పైగా నాణేలు. ఉద్యోగం మానాలా వద్దా అన్న ప్రశ్న కూడా అందులో ఉంది. పెద్ద నిర్ణయాల్లో మార్పు వైపు వెళ్లినవాళ్లు ఆరు నెలల తర్వాత ఉన్నచోటే ఉండిపోయినవాళ్ల కన్నా సంతోషంగా ఉన్నామని చెప్పారు. కాబట్టి సందేహం ఇంతదాకా వచ్చిందంటే, కదలడమే మంచిదని నా ఓటు.

పాత బోల్టు:
నాటకం టికెట్టు సీజన్ అయ్యాక చిత్తు కాగితం. తొమ్మిదేళ్ల అనుభవం అలా కాదు సార్. రేపు కూడా జీతం తెచ్చేది అదే. పోయిన ఖర్చు వేరు, చేతిలో ఉన్న పనితనం వేరు. మొదటిది మర్చిపోవాలి, రెండోది లెక్కలో వేసుకోవాలి. మీరు రెండిట్నీ ఒకే గాటన కట్టేశారు.

నాణెం సంగతి కూడా అంతే. ఉద్యోగం మానాలా అని ఇంటర్నెట్‌లో నాణెం ఎగరేసేవాడు అప్పటికే గడప మీద ఉన్నాడు. పైగా ఆరు నెలలు! చాక్‌పీస్ గారికి గొంతు పోయింది మొదటి ఏడాదిలోనే కదా, ఆ పది రోజుల్లో ఫోన్ చేసి అడిగితే ఏమనేవారో.

చాక్‌పీస్:
మాట రాలేదని చెప్పాగా, ఏమీ అనేవాణ్ని కాదు.

నిప్పురవ్వ:
అందరూ భయపెడుతున్నారు. విట్‌గెన్‌స్టీన్ 1908లో మాంచెస్టర్‌లో విమానాల ఇంజనీరింగ్ చదివాడు, ప్రొపెల్లర్ మీద పేటెంట్ కూడా ఉంది. అది వదిలేసి ఫిలాసఫీలోకి వెళ్లబట్టే ఇవాళ పేరు చెప్పుకుంటున్నాం. ధైర్యం చెయ్యండి బ్రో.

రాత్రి షిఫ్ట్:
కథ సగంలో ఆపేశారు తమ్ముడూ. విట్‌గెన్‌స్టీన్ వాళ్ల నాన్న ఉక్కు వ్యాపారంలో కోటీశ్వరుడు, కాబట్టి ఇంటి లోను బాధ లేదు. తనకొచ్చిన ఆస్తంతా తర్వాత విట్‌గెన్‌స్టీనే పంచిపెట్టేశాడు, అది వేరే సంగతి. అసలు ముక్క ఏంటంటే, ఆయన కూడా బడి టీచర్ అయ్యాడు! 1920 నుంచి ఆస్ట్రియా పల్లెల్లో చిన్నపిల్లలకి చెప్పాడు. 1926లో ఒక పిల్లాణ్ని కొడితే వాడు సొమ్మసిల్లి పడిపోయాడు. దాంతో ఉద్యోగం వదిలి వచ్చేశాడు. అంత తెలివైనవాడికి కూడా నాలుగో సెక్షన్ పడలేదు.

గేర్‌బాక్స్ గారూ, మీకు రెండు ప్రశ్నలు. నేను ప్రాసెస్ ప్లాంట్‌లో కంట్రోల్స్ చూస్తాను. మూడేళ్ల కిందట నాకూ మీలాగే అయింది. తోట పెంచుకుంటానని, కుండలు చేసుకుంటానని వారానికో కల. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన ఐసీడీ 11 అనే వ్యాధుల జాబితాలో బర్నౌట్‌కి మూడు గుర్తులు రాసింది. ఒళ్లూ మనసూ అలిసిపోవడం, పని మీద విరక్తి లేదా వెటకారం, ఏం చేసినా సరిగ్గా చెయ్యలేకపోతున్నామనిపించడం. దాన్ని జబ్బని అనలేదు, చాలాకాలం అదుపులోకి రాని ఉద్యోగ ఒత్తిడి వల్ల వచ్చే స్థితి అంది. నాకు మూడూ ఉన్నాయి. సెలవు పెట్టి మూడు వారాలు ఊరికే పడుకున్నా. నాలుగో వారానికి కుండల పిచ్చి పోయింది, ప్లాంట్ మీద కోపం కూడా చాలావరకు పోయింది. రాత్రి షిఫ్టులు మాత్రం ఇప్పటికీ పడవు, పేరు చూశారుగా. అందుకే అడుగుతున్నా, మీరు చివరిసారి రెండు వారాలు లాప్‌టాప్ తెరవకుండా ఉన్నది ఎప్పుడు? తీరిక దొరికాక కూడా ఫిజిక్స్ చెప్పాలనే ఉంటే అప్పుడు అది కోరిక.

రెండోది. ఇంట్లోవాళ్లు రెండు జట్లన్నారు. మీ ఆవిడ ఏ జట్టో రాయలేదు.

గేర్‌బాక్స్:
మొదటిదానికి జవాబు: బాబు పుట్టినప్పుడు. అప్పుడు కూడా తెరిచాను.

రెండోది... నిజం చెప్పాలంటే తనని పూర్తిగా అడగలేదు. "ఈ ఉద్యోగం నా వల్ల కాదు" అని చాలాసార్లు అన్నాను. జీతం సగం అవుతుందని, ట్రైనింగ్ అయ్యేదాకా అది కూడా ఉండదని మాత్రం చెప్పలేదు. జట్లు కట్టింది మా అమ్మ, మా బావ. ఇలా రాస్తుంటే సిగ్గుగానే ఉంది.

లెక్కల మనిషి:
ఇంకా నయం, నాణెం ముందు ఎగరేయలేదు. నా ఓటు తాత్కాలికంగా వెనక్కి.

అయితే ఒక మాట. ఇలాంటి చోట మనవాళ్లు రెండు పడవల మీద కాళ్లు పెట్టొద్దంటారు. 2014లో రాఫీ, ఫెంగ్ అనేవాళ్లు సొంత వ్యాపారం మొదలుపెట్టినవాళ్లని చూశారు. ఉద్యోగం చేస్తూనే మొదలుపెట్టి తర్వాత పూర్తిగా మారినవాళ్ల వ్యాపారాలు మూతపడే అవకాశం, ఒక్కసారిగా ఉద్యోగం వదిలి దూకినవాళ్ల కంటే దాదాపు మూడో వంతు తక్కువగా ఉంది. వారాంతాల్లో క్లాసులు చెప్పి చూడొచ్చు కదా?

చాక్‌పీస్:
వ్యాపారానికీ బడికీ పోలిక అంతగా కుదరదు. ట్రైనింగ్‌లో పగలు నిజం క్లాసుల్లో నిలబడాల్సిన వారాలుంటాయి, అప్పుడు ఒక పడవ దిగాల్సిందే. కానీ అంతకు ముందు చేసేది చాలా ఉంది. తెలిసిన బడిలో ఒక రోజంతా వెనక బెంచీలో కూర్చోనివ్వమని అడగండి. పాఠాలు చూడటానికి కాదు. స్టాఫ్ రూమ్‌లో టీచర్లు ఏం మాట్లాడుకుంటారో వినండి. అది విన్నాక కూడా వెళ్లాలనిపిస్తే నాకు చెప్పండి.

గేర్‌బాక్స్:
మూడు వారాలైంది, ఏం జరిగిందో చెప్తా.

ఆ రాత్రే కాగితం పెన్నూ పట్టుకుని మా ఆవిడ ముందు కూర్చున్నా. అంకెలన్నీ రాశాక చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఆర్నెల్లుగా నేనూ మానేద్దామనుకుంటున్నా, నువ్వు ముందు అడిగేశావు" అంది. ఇద్దరం ఒకేసారి మానడం కుదరదు కాబట్టి ఎవరు ముందు అన్న దాని మీద కాసేపు గొడవ, నవ్వులు. చివరికి ఒప్పుకున్నది ఇది. పది నెలలు నా జీతంలో సగంతోనే ఇల్లు నడుపుతాం, మిగతా సగం ముట్టుకోం. అలా నడవలేకపోతే ఈ చర్చే అనవసరం. నడిస్తే ట్రైనింగ్ కాలానికి ఆ డబ్బు ఉంటుంది. ఆ తర్వాత తన వంతు.

బడిలో ఒక రోజు కూర్చున్నా కూడా. స్టాఫ్ రూమ్‌లో అరగంట ఎవరి సెలవు ఎవరు కవర్ చేస్తారన్న దాని మీదే వాదన. అచ్చం మా మీటింగే. కొంచెం నీరసం వచ్చింది, ఒప్పుకుంటా. కానీ శనివారాలు తొమ్మిదో తరగతి పిల్లలు పన్నెండు మందికి చెప్పడం మొదలుపెట్టాను. రెండు క్లాసులయ్యాయి. మొదటిది బాగా వచ్చింది. రెండోది ఘోరం, తలుపు ఉపాయం ఎవరికీ నవ్వు తెప్పించలేదు. అయినా మూడో దానికి ఏం చెయ్యాలా అని మంగళవారం నుంచే ఆలోచిస్తున్నా. అది మంచి గుర్తో కాదో తెలీదు.

బోల్టు గారూ, మీ మాట కూడా పక్కన పెట్టలేదు. మా దగ్గరే టెస్టింగ్ విభాగంలోకి బదిలీ అడిగాను. పది నెలలు ఎలాగూ ఉండాలి, ఉన్నన్నాళ్లు విరిగిన ముక్కలైనా చూస్తాను.

చాక్‌పీస్:
తలుపు తోయమని పిల్లల్ని పంపే ముందు, పిడి దగ్గర తోస్తే తేలికా, కీలు దగ్గరా అని చేతులెత్తించండి. తప్పు పందెం కాసినవాడే బాగా తోస్తాడు. అటెండెన్స్ చివర్లో తీసుకోండి.

పాత బోల్టు:
టెస్టింగ్‌కి వెళ్తే మళ్లీ తిరిగి చూడరనే నా నమ్మకం. పది నెలలయ్యాక ఇక్కడే కలుద్దాం.

ఇంతకీ ఆ బేరింగ్ సీటుకి చివరికి ఏ టాలరెన్స్ ఉంచారు?

గేర్‌బాక్స్:
హెచ్7. అందరూ వాడే మామూలు విలువే.

పాత బోల్టు:
మరి పదకొండు మెయిల్స్ ఎందుకయ్యా?