అప్‌డేట్: ఆర్‌బీ30 బ్లాక్ మీద ఆర్‌బీ25 హెడ్, వీసీటీ సమస్య తేలింది

నిస్సాన్ ఆర్‌బీ30ఈ ఇంజిన్ బ్లాక్ (కింది భాగం) మీద ఆర్33 స్కైలైన్ కారు ఆర్‌బీ25డీఈటీ ఇంజిన్ హెడ్ (వాల్వులుండే పై భాగం) పెట్టి టర్బో ఇంజిన్ కట్టాక, వీసీటీ (ఇన్‌టేక్ వాల్వులు తెరుచుకునే టైమింగ్‌ని ఆయిల్ ప్రెషర్‌తో మార్చే ఏర్పాటు) పనిచేయట్లేదని, తక్కువ ఆర్‌పీఎంలో లాగట్లేదని ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

ఆయిల్ లైన్ చూడమన్నవాళ్లే కరెక్ట్. ఆర్‌బీ30 బ్లాక్‌లో వీసీటీకి ఆయిల్ దారి ఉండదు కదా, హెడ్ అడుగున ఆ రంధ్రం మూసి, బయటి నుంచి లైన్ ఇచ్చాం. మెకానిక్ లైన్ ఊడదీసి గాలి కొడితే అవతలికి రాలేదు. ఫిట్టింగ్‌లోని సన్నటి రంధ్రంలో తెల్లటి టెఫ్లాన్ టేప్ పీలిక, ఆయిల్‌కి నల్లబడి చుట్టుకుపోయి ఉంది! ఫిట్టింగ్ మార్చి, ఈసారి టేప్ లేకుండా కాపర్ వాషర్లతో బిగించాడు. ఇప్పుడు ఐడిల్‌లో వీసీటీ సోలినాయిడ్‌కి (ఆ ఆయిల్‌ని కంట్రోల్ చేసే కరెంటు వాల్వ్‌కి) 12 వోల్టులు ఇస్తే ఇంజిన్ శబ్దం మారుతోంది. ముందు టిక్‌మనడమే, అంతే. అంటే సోలినాయిడ్ టిక్‌మన్నంత మాత్రాన ఆయిల్ అందుతోందని కాదు.

అనుమానించిన కాయిల్స్ (స్పార్క్ ఇచ్చేవి), ఎయిర్‌ఫ్లో మీటర్, వేస్ట్‌గేట్ (టర్బో ప్రెషర్‌ని అదుపు చేసేది)లకు దీంతో సంబంధం లేదు. బ్లాక్ ఎత్తు ఎక్కువ కాబట్టి టైమింగ్ బెల్ట్ ఒక పన్ను జారిందేమోనన్న టెన్షన్ కూడా అనవసరమే, మార్కులన్నీ సరిగ్గానే ఉన్నాయి.