ఎల్‌కేజీ పిల్లలకు రోజూ పేజీల కొద్దీ రాత: ఉండాలా, వద్దా?

కావలి అమ్మ:
మావాడికి నాలుగేళ్లు నిండాయి. ఇక్కడే ఒక కాన్వెంటులో ఎల్‌కేజీ. రోజూ నాలుగు గీతల పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, ఇంకో పేజీ తెలుగు, గళ్ల పుస్తకంలో 1 నుంచి 50 వరకు అంకెలు. పెన్సిల్‌ను పిడికిట్లో బిగించి పట్టుకుంటాడు. రెండో వరుసకే చెయ్యి విదిలిస్తాడు. 3ని అటు తిప్పి రాస్తాడు, 6 రాయమంటే ఒక్కోసారి 9 వస్తుంది. మా అత్తమ్మ మొక్కై వంగనిది మానై వంగుతుందా అంటారు. మా ఆయన పుస్తకం లాక్కుని వాణ్ణి పడుకోబెట్టేస్తారు. మధ్యలో నేను. మీ ఇళ్లల్లో ఏం చేస్తున్నారు?

ఒంగోలు నాన్న:
రాయించాల్సిందే అక్కా. మా పాప ఎల్‌కేజీ నుంచే రాస్తోంది. ఇప్పుడు రెండో క్లాసు, చేతిరాత చక్కగా కుదిరింది. ఒకటో తరగతిలో చేర్చేటప్పుడు కొన్ని స్కూళ్లలో పిల్లల్ని కూర్చోబెట్టి పేరు రాయమంటారు. అప్పుడు టెన్షన్ పడేది మనమే కదా.

పొదిలి మాస్టారు (రిటైర్డ్):
చేర్చుకోవడానికి పిల్లలకు పరీక్ష పెట్టకూడదని 2009 విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్‌లోనే ఉంది బాబూ. పెడుతున్నారా అంటే పెడుతున్నారు, అది వేరే సంగతి.

అమ్మా, గీతలు కూడా వయసుని బట్టే వస్తాయి. మూడేళ్లకు సున్న చుడతారు. నాలుగేళ్ల ప్రాంతంలో కూడిక గుర్తు, ఆ తర్వాత చతురస్రం, ఐదేళ్లకు త్రిభుజం. ఏటవాలు గీత ఆలస్యంగా కుదురుతుంది. మరి మన బళ్లు మొదలుపెట్టేది దేంతో? రెండు ఏటవాలు గీతలుండే ఇంగ్లీషు ఏతో. తెలుగులో సున్నకు తలకట్టు పెడితే ర అయిపోతుంది. అయినా తెలుగు కష్టమని దాన్ని వెనక్కి నెడతారు. నాకు ఇది ఎప్పటికీ అర్థం కాదు. ఇక 3 తిరగబడటం, 6, 9 తారుమారు కావడం ఆరేడేళ్ల దాకా మామూలే. దానికి కొట్టకండి.

నెల్లూరు మిస్:
ఎల్‌కేజీకి చెబుతాను. స్కూలు పేరు అడగొద్దు. ఒక మాట చెబితే కోపం తెచ్చుకోకండి: ఆ పేజీలు పిల్లల కోసం కాదు, మీ కోసం. పుస్తకం ఖాళీగా వెళ్లిందంటే మర్నాడు పొద్దున్నే గేటు దగ్గర "ఏంది మిస్, ఏమీ రాయించలేదా" అని నిలదీసేది అమ్మానాన్నలే.

నలభై మందికి చుక్కలు పెట్టి ఇస్తాను. వాళ్లు చుక్కలు కలుపుతారు, అంతే. అది అక్షరం రాసినట్టు కాదు. మా క్లాసులో ఒకడు 8 రాయమంటే ముందు కింద ఒక సున్న చుట్టి, చెయ్యి ఎత్తి, దాని నెత్తిన ఇంకో సున్న పెడతాడు. పేజీ చూస్తే అన్నీ ముచ్చటైన ఎనిమిదులే! మీరు టిక్కు పెట్టేస్తారు. యూకేజీలో వేగంగా రాయాల్సి వచ్చేసరికి ఆ రెండు సున్నలూ విడిపోతాయి, అప్పటికి అలవాటు ముదిరిపోతుంది. ఇంట్లో రెండు వరుసలు చాలు. కానీ వాడు రాస్తున్నంతసేపూ పక్కన కూర్చుని పేజీని కాదు, చేతిని చూడండి. ఎక్కడ మొదలుపెట్టాడు, ఎటు తిప్పాడు అని.

కనిగిరి కోడలు:
పలక కొనండి అక్కా. ప్లాస్టిక్‌ది కాదు, మార్కాపురం రాతి పలక. పెన్సిల్ నున్నటి కాగితం మీద జారిపోతుంది. పలక మీద బలపం గరగరమంటూ ఆగి ఆగి నడుస్తుంది కాబట్టి పిల్లాడికి చేతికి తెలుస్తుంది. ఇంకోటి, బలపాన్ని చిన్న ముక్కలు చేసి ఇవ్వండి. చిన్న ముక్కను పిడికిట్లో బిగించి రాయడం కుదరదు, మూడు వేళ్లతో పట్టుకోక తప్పదు. తినకుండా మాత్రం చూసుకోండి, మా ఇంట్లో సగం బలపాలు కడుపులోకే పోయాయి.

పొదిలి మాస్టారు:
పలక కంటే ముందు ఇసుక. బళ్లారి కలెక్టర్ క్యాంప్‌బెల్ 1823లో అక్కడి బడుల మీద రాసిన నివేదికలో, పిల్లలు ముందు ఇసుకలో వేలితో రాస్తూ అక్షరాలు నేర్చుకుంటారని ఉంది. మీకు సముద్రం పక్కనే కదమ్మా, ఒక పళ్లెంలో ఇసుక పోసివ్వండి.

ఒంగోలు నాన్న:
ఇసుకా పలకా వినడానికి బాగానే ఉంటాయి మాస్టారూ. రేపు యూకేజీలో మిగతావాళ్లు మాటలు రాస్తుంటే వీడు ర దగ్గరే కూర్చుంటే? స్కూలుకు మీరొచ్చి సర్దిచెబుతారా?

నెల్లూరు మిస్:
ర తిన్నగా వచ్చినవాడు అక్కడే కూర్చోడన్నా. ఎల్‌కేజీలో యాభై దాకా రాసి, బల్ల మీద ఏడు గింజలు పెడితే లెక్కపెట్టలేనివాళ్లను నేను రోజూ చూస్తున్నాను. కావలి అక్కా, "ఇంట్లో రెండు వరుసలే రాయిస్తాం" అని డైరీలో రాసి పంపండి. అలాంటి చీటీ వస్తే నాకు దిద్దే పని తగ్గిందని సంతోషిస్తాను.

ఒంగోలు నాన్న:
రెండు వరుసలే అయితే ఫీజు కూడా తగ్గించమనండి మిస్.

కావలి అమ్మ:
చీటీ రాస్తే ఆ కోపం వాడి మీద చూపిస్తారేమోనని భయంగానే ఉంది మిస్. అయినా రాస్తాను. మాస్టారూ, ర వచ్చాక ఏది పెట్టను? మా అత్తమ్మ అ తోనే మొదలుపెట్టాలంటున్నారు.

పొదిలి మాస్టారు:
నోటికి అ ఆ లే చెప్పించండి, అత్తమ్మగారిదీ తప్పు కాదు. చేతికి మాత్రం వరుస వేరు. ర తర్వాత గ, న. వ కుదిరితే మ, ప కుదిరితే ఫ, ష, ద కుదిరితే ధ, థ. అ, ఇ, ఈ మెలికలవి, వాటిని ఆఖర్న పెట్టండి.