మిషెల్ పెరో కార్మికులను వదిలి స్త్రీల చరిత్రకు వెళ్ళిపోయారా?

మొదటి వ్యాఖ్య

1928లో పారిస్‌లో పుట్టిన ఫ్రెంచి చరిత్రకారిణి మిషెల్ పెరో, చరిత్రకారుడు ఎర్నెస్ట్ లబ్రూస్ పర్యవేక్షణలో 1871 నుంచి 1890 వరకు ఫ్రాన్స్‌లో జరిగిన సమ్మెలపై చేసిన పరిశోధనను 1971లో సమర్పించారు. 1973లో పోలీన్ ష్మిట్, ఫాబియెన్ బోక్‌లతో కలిసి పారిస్-7 విశ్వవిద్యాలయంలో ‘స్త్రీలకు చరిత్ర ఉందా?’ అనే ప్రశ్నతో పాఠాలు మొదలుపెట్టారు. అక్కడి నుంచి ఆమె దారి మారిందనే నేను అనుకుంటున్నాను. మరో చరిత్రకారుడు జార్జ్ ద్యుబీతో కలిసి ఆమె సంపాదకత్వం వహించి 1991–92లో ఫ్రెంచిలో వెలువరించిన అయిదు సంపుటాల పాశ్చాత్య స్త్రీల చరిత్రలో వర్గం ప్రధానాంశం కాకుండా పోయింది. సమ్మెల పరిశోధనలో కూలి, ధరలు, సమ్మెల సంఖ్య ఎంత కచ్చితంగా లెక్కకు వచ్చాయో, ఆ కచ్చితత్వం తరువాతి పనిలో లేదు. కార్మిక చరిత్ర ఒక గొప్ప పరిశోధకురాలిని కోల్పోయిందన్న బాధతోనే ఈ మాట అంటున్నాను.

రెండవ వ్యాఖ్య

మీ బాధ అర్థమైంది కానీ, క్రమాన్ని మీరు తలకిందులుగా చూస్తున్నారు. స్త్రీవాదం మీద పరిశోధన చేయాలన్న కోరిక ఆమెకు 1949లోనే ఉందనీ, లబ్రూసే ఆమెను కార్మికుల వైపు మళ్ళించారనీ పెరో స్వయంగా చెప్పారు. కాబట్టి 1973 నాటి పాఠాలు, వాయిదా పడిన మొదటి కోరికకు తిరిగి రావడమే. లెక్కల సంగతికొస్తే, ఏ పత్రాల నుంచి లెక్క తీస్తున్నామో ఆ పత్రాలు ఎవరిని నమోదు చేశాయన్నది ముందు అడగాలి. సమ్మెను పోలీసు, పత్రిక, కార్మిక సంఘం చూసి రాసినప్పుడు బయటికి వచ్చి మాట్లాడిన మగవాడి పేరే కాగితం మీదికి ఎక్కింది. పెళ్ళయిన స్త్రీకి తన కూలిని తన ఇష్టప్రకారం ఖర్చు చేసుకునే హక్కు 1907 చట్టంతో గాని రాలేదు. భర్త అనుమతి లేకుండా సంఘంలో చేరే హక్కు 1920లో వచ్చింది. అలాంటి స్త్రీని వెతకాలంటే వేరే పత్రాలు, వేరే ప్రశ్నలు అవసరమయ్యాయి.

ఇక లూసీ బో విషయం. ఆగ్నేయ ఫ్రాన్స్‌లో గ్రెనోబ్ల్ సమీపంలోని విజీల్‌లో పట్టు నేసిన ఈ కార్మికురాలు 1902లో అక్కడ సంఘం పెట్టారు, 1905లో మూడు నెలలకు పైగా సాగిన సమ్మెకు ముందు నిలిచారు, 1906లో తుపాకీతో ఆత్మహత్యకు ప్రయత్నించి బతికారు, 1908లో తన అనుభవాన్ని కొద్ది పేజీల్లో రాసి ప్రచురించారు, 1913లో కన్నుమూశారు. ఆ కొద్ది పేజీలను 1978లో మళ్ళీ వెలుగులోకి తెచ్చినది పెరోనే. స్త్రీల చరిత్రలో ఆమె నిండా మునిగి ఉన్న కాలమది! ఆపైన 2012లో, ఎనభై నాలుగేళ్ళ వయసులో, ఆ జీవితం మీదే ఒక చిన్న పుస్తకం రాశారు. ఆ పుస్తకంలో సమ్మె ఎంత ఉందో, స్త్రీ ఎంత ఉందో విడదీయడం నాకు సాధ్యం కాలేదు.

మొదటి సభ్యుని జవాబు

లూసీ బో గురించి మీరు చెప్పినది అంగీకరిస్తున్నాను; 1978 ప్రచురణ నా వాదనను బలహీనపరుస్తోంది. అయినా ఒక్క కార్మికురాలి కథ ఆ అయిదు సంపుటాలకు సమాధానం కాలేదు. అక్షరాలు నేర్చిన స్త్రీలు డైరీలు, ఉత్తరాలు వదిలి వెళ్ళారు గనుక వాళ్ళే ఎక్కువగా వినిపిస్తారు. నేతగదిలో పొద్దంతా నిలబడ్డ మనిషి మళ్ళీ మౌనంలోనే మిగిలిపోతుంది.

రెండవ సభ్యురాలి జవాబు

ఆ కొరత నిజమే. కానీ అది పెరో కార్మికులను వదిలేసినందువల్ల వచ్చినది కాదు. 1998లో వెలువడిన తన వ్యాస సంపుటికి ఆమె ‘చరిత్రలోని మౌనాలు’ అన్న మాటను శీర్షికలో పెట్టారు. కాగితం ఎవరి చేతిలో ఉండేదన్నదే ఆమె సమస్య. ఆ ప్రశ్న ఆమెకు సమ్మెల పత్రాల ముందు కూర్చున్నప్పుడే పుట్టి ఉంటుందని నా నమ్మకం. సమ్మెలో స్త్రీలు ఇంత తక్కువగా ఎందుకు కనిపిస్తున్నారని అడగకుండా ఆ పత్రాలను అన్నేళ్ళు చదవడం ఎవరికీ సాధ్యం కాదు.