పత్తి సీమ కాని కాన్సాస్ కోసం అంత గొడవ ఎందుకు?

అమెరికా అంతర్యుద్ధం గురించి చదువుతూ 1854 నాటి కాన్సాస్-నెబ్రాస్కా చట్టం దగ్గర ఆగిపోయాను. 1820 మిస్సోరీ ఒప్పందం ప్రకారం కాన్సాస్, నెబ్రాస్కా ప్రాంతాల్లో బానిసత్వం నిషిద్ధం. ఈ చట్టం ఆ నిషేధాన్ని ఎత్తేసి, నిర్ణయాన్ని స్థానికుల ఓటుకు వదిలేసింది. తర్వాత జరిగింది ఘోరం. 1855 మార్చిలో కాన్సాస్ చట్టసభ ఎన్నికల్లో 2,905 మంది ఓటర్లున్న చోట 6,307 ఓట్లు పడ్డాయి! పక్కనే ఉన్న బానిస రాష్ట్రం మిస్సోరీ వాళ్లు ఆయుధాలతో గుంపులుగా సరిహద్దు దాటొచ్చి ఓట్లేసి వెళ్లారు.

కానీ బానిసలతో ఎక్కువగా చేయించింది పత్తి సాగు, అప్పటి కాన్సాస్ పత్తి నేల కాదు కదా. పాఠ్యపుస్తకాలు, యూట్యూబ్ లెక్చర్లు చూశాను, అన్నీ "ఉద్రిక్తత పెరిగింది" అని దాటేస్తున్నాయి. సెనేట్‌లో (అమెరికా పార్లమెంటు ఎగువ సభ) బానిస రాష్ట్రాల బలం కోసమని కొందరు, పక్కనే స్వేచ్ఛా రాష్ట్రం వస్తే తమ బానిసలు పారిపోతారన్న భయమని కొందరు రాశారు. చరిత్ర బాగా చదివినవాళ్లు చెప్పండి: మిస్సోరీ యజమానులను కదిలించిన అసలు కారణం ఈ రెండింట్లో ఏది?