అప్‌డేట్: మా బాతుపిల్ల లేచి నిలబడింది

రెండు వారాల వయసున్న మా బాతుపిల్ల కాళ్లు చాపుకుని కూలబడిపోతోందని గుంటూరు నుంచి అడిగినది నేనే. పశువైద్యుడు కాళ్లు నిమిరి చూసి, ఎముక విరగలేదనీ, ఇది నయాసిన్ (విటమిన్ బి3) లోపమనీ చెప్పారు. బాతుపిల్లలకు కిలో దాణాలో సుమారు 55 మిల్లీగ్రాముల నయాసిన్ అవసరం కాగా, నేను పెట్టిన కోడిపిల్లల దాణాలో అంత లేదు. పైగా పెట్టెలో పరిచిన న్యూస్‌పేపర్ మీద దాని కాళ్లు జారిపోయేవి, ఆ తప్పు నాదే. ఇప్పుడు దాణాలో నయాసిన్ బాగా ఉండే బ్రూయర్స్ ఈస్ట్ (బీరు తయారీలో వాడే ఈస్ట్ పొడి) కలుపుతూ, పేపర్‌కు బదులు పాత తువ్వాలు పరుస్తున్నాను. రోజూ గోరువెచ్చని నీళ్ల టబ్బులో, పొట్ట కింద అరచేయి ఆనించి ఐదు నిమిషాలు ఈదించి, వెంటనే ఒళ్లు తుడిచి బల్బు కింద ఉంచుతున్నాను. నిన్న పచ్చిబఠాణీల గిన్నె చప్పుడు వినగానే లేచి నాలుగడుగులు వేసింది. ఎడమ కాలు ఇంకా కొంచెం వంకరగానే పడుతోంది కనుక ఈస్ట్ ఆపడం లేదు.