చౌధురి సంతకం ఉన్న 1948 ఫొటో అమ్మకానికి వచ్చింది, అసలుదేనా?

మిర్యాలగూడ_కలెక్షన్:
అన్నలూ, హైదరాబాద్ లొంగుబాటు ఫొటో ఒకటి వచ్చింది. భారత సైన్యం దిక్కు జనరల్ జె.ఎన్. చౌధురి, నిజాం సైన్యాధిపతి ఎల్ ఎద్రూస్ ఎదురెదురుగ ఉన్నరు. కింద నీలి బాల్‌పెన్‌తోని చౌధురి సంతకం. అసలుదని ఎట్ల పట్టాలె? ఫ్రేం ఎట్ల కట్టించాలె? ఎంత పెట్టొచ్చు?

పాలమూరు_భూతద్దం:
పది రెట్ల భూతద్దంల బొమ్మ చుక్కలు చుక్కలుగ కనబడితే అది అచ్చు కాగితం, పక్కన పెట్టు. లేకుంటే ఫొటోను కిటికీ వెలుతురుకు వాలుగ పట్టు. బాల్‌పెన్ అయితే సన్నగ గాడి పడ్తది, మలుపుల కాడ సిరా ముద్ద కట్టి ఉంటది. సంతకం మీద కూడ మెరుపు ఎక్కడా తెగకుండ సాగితే, సంతకమున్న ఫొటోకే మళ్ల ఫొటో తీసిన్రన్నట్టు.

సూర్యాపేట_48:
1948ల మన దగ్గర బాల్‌పెన్ ఎవరి జేబుల ఉండె? నకిలీ. ఇంకేం చూసేది లేదు. అయినా అందరికీ సోలాపూర్ దిక్కునుంచి వచ్చిన భారత సైన్యం ఫొటోలే కావాలె. విజయవాడ దిక్కునుంచి మా సూర్యాపేట మీదుగ వచ్చిన దళం ఫొటోలు ఒక్కరన్న పెట్టరు.

నల్లగొండ_డార్క్‌రూం:
తప్పు మాట. ఫొటో 1948 సెప్టెంబర్ 18ది. సంతకం ఆ దినమే పెట్టాలని ఎక్కడున్నది? చౌధురి 1983 దాక ఉన్నడు. ముందు కాగితం చూడాలె. వెనక ప్లాస్టిక్ లెక్క నున్నగ ఉంటే ఆర్‌సీ, అంటే ప్లాస్టిక్ పూత ఉన్న ఫొటో కాగితం. బ్లాక్ అండ్ వైట్‌ల అది వాడకంలకొచ్చింది 1970లల్ల. అంటే పాత నెగెటివ్ నుంచి తర్వాత కడిగిన ప్రింటు.

సూర్యాపేట_48:
గట్లయితే ప్రతి నకిలీకీ ‘తర్వాత పెట్టిండు’ అనే జవాబు తయారుగుంటది. అమ్మేటోళ్ల మాట మీరు మాట్లాడుతున్నరు.

నల్లగొండ_డార్క్‌రూం:
మాటలు జాగ్రత్త. కాగితం చేతికిస్తే ఏ దశాబ్దమో చెప్తా నేను. సంతకం కింద తారీఖు, హోదా కలవాలె, లెక్క అంతే. బ్రిటిష్ సేనాని మాంట్‌గోమరీకి 1946ల వైకౌంట్ బిరుదు వచ్చినంకనే ‘మాంట్‌గోమరీ ఆఫ్ అలమీన్’ అని పెట్టిండు, అంతకుముందు ‘బి.ఎల్. మాంట్‌గోమరీ’. 1943 ఫొటో మీద అలమీన్ పేరుంటే తర్వాత పెట్టిందని అర్థం. పక్కనే 1943 తారీఖు కూడ రాసుంటే వదిలెయ్. 1971 యుద్ధంల మన సైన్యాధిపతి మానెక్‌షా ఫీల్డ్ మార్షల్ అయింది 1973 జనవరిల. ఆ హోదా రాసి 1971 డిసెంబర్ తారీఖు వేసిన సంతకం ముట్టుకోవద్దు.

దేవరకొండ_ఫ్రేములు:
లొల్లి ఆపి ఫ్రేం సంగతి ఇనుండ్రి. లామినేషన్ వద్దు, సెల్లోటేపు వద్దు. ఫొటో అద్దానికి తగలొద్దు. వానకాలం తేమకు ఫొటో మీది జిలటిన్ పొర అద్దానికి అతుక్కుంటది, విడదీస్తే సంతకంతో సహా లేచొస్తది. నడుమ ఆసిడ్ లేని మౌంటు అట్ట పెట్టించు, మూలలకు కాగితం కార్నర్లు చాలు. కవర్ల పెడితే పాలియెస్టర్‌ది, పీవీసీ కాదు. ఎండ పడే గోడకు పెడితే ఆ నీలి సిరా వెలిసిపోతది.

అచ్చంపేట_టార్చి:
చీకట్ల యూవీ టార్చి వెయ్యి. కాగితం నీలంగ తళతళలాడితే 1950ల ఇవతలిదే.

సూర్యాపేట_48:
టార్చి కాగితం వయసే చెప్తది, సంతకం ఎవరిదో చెప్పదు!

పాలమూరు_భూతద్దం:
ఇంకోటి. అదే సంతకం వేరే ఫొటో మీద దొరికితే రెండూ ఒకదాని మీదొకటి పెట్టి చూడు. గీతకు గీత కలిస్తే సంతకం పెట్టే మెషినో, స్టాంపో. ఏ మనిషీ రెండుసార్లు అచ్చం ఒక్కతీరు పెట్టడు.

మిర్యాలగూడ_కలెక్షన్:
ధర ఎవ్వరు చెప్పకపోతిరి. వెనక నున్నగనే ఉన్నది అన్నా.

నల్లగొండ_డార్క్‌రూం:
అయితే 1948 ప్రింటు ధర అడిగితే ఇయ్యకు తమ్మీ. సంతకం ఖరారైతే సంతకానికే పైసలు. వెనక ముద్ర గాని, పెన్సిల్ రాత గాని ఉంటే ఆ వెనక దిక్కు ఫొటో తీసి ఈడ పెట్టు.